‘రెండు వారాలు ఆగండి’ అనే సెల్లర్‌తో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో మొక్కలు కొనేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. పార్శిల్ చేతికొచ్చాక మొక్క తేడాగా కనబడి, ఇప్పుడు సెల్లర్‌తో మాటలు నడుస్తున్నవాళ్ళయితే మరీ ముఖ్యంగా చదవండి. నాకు పోయింది ఒక మొక్క, దానికి పెట్టిన డబ్బు. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, నన్ను ముంచుతున్నన్ని రోజులూ ఆ మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడారు.

నేను కొన్నది ఆల్బో మాన్‌స్టెరా (ఆకుల మీద తెల్ల మచ్చలుండే ఇంటి మొక్క) కటింగ్, అంటే కోసి వేర్లు పట్టించిన కాడ. ‘వేర్లు బాగా పట్టిన మొక్క’ అని రాశారు. ఫోటోలో తెల్ల మచ్చలున్న రెండు ఆకులు, గాజు సీసాలో తెల్లటి వేర్లు. పార్శిల్ ఐదో రోజు వచ్చింది. పెట్టె అడుగు నానిపోయి, ఎత్తితే అట్ట లోపలికి దిగిపోయింది. టేపు కోయగానే మురుగునీళ్ళ వాసన. వేర్ల చుట్టూ తడి నాచు (మొక్కల వేర్లకి తేమ ఉంచడానికి వాడే మాస్) కుక్కి, దాని మీద ప్లాస్టిక్ కవరు బిగించి, గాలి చొరబడకుండా టేపు చుట్టేశారు. నాచు విప్పి, ఒక వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా లాగాను. పైతోలు మొత్తం గోధుమరంగు జిగురులా జారి నా చేతికి వచ్చేసింది. మిగిలింది లోపలి నార ఒక్కటే, దారప్పోగులా. అది వేరుకుళ్ళు. ప్రయాణంలో అలసిన మొక్క ఆకులు వాలుస్తుందేమో గానీ, దాని వేరు అలా ఊడి రాదు.

అదే గంటలో మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబు: ‘అయ్యో, కంగారు పడకండి, ఇది ట్రావెల్ షాక్ అండీ, మామూలే. రెండు వారాలు ఆగండి, చిగురు రాకపోతే నేనే కొత్త మొక్క పంపిస్తాను.’ నమ్మాను. కుళ్ళిన భాగం కోసేసి, మిగిలిన కాడను కొత్త నాచులో పెట్టాను. నాలుగో రోజు ఆకు అంచు నల్లబడింది. ఫోటో పంపితే ‘నీళ్ళు తగ్గించి చూడండి’ అన్నారు. తొమ్మిదో రోజు కాడ మెత్తబడింది. ‘ఊళ్ళో లేనండీ, రాగానే చూస్తాను’ అన్నారు. పదిహేనో రోజు మళ్ళీ రాస్తే జవాబు వచ్చింది, కానీ స్వరం మారింది: ‘ఫిర్యాదు గడువు 14 రోజులు. అది నిన్నటితో అయిపోయింది. ఇక మేం చేయగలిగింది లేదు.’

రెండు వారాలంటే ఏంటో అప్పుడు అర్థమైంది. ఆ గడువు మొక్క కోలుకోవడానికి పెట్టింది కాదు, నేను కొన్న సైట్‌లో రీఫండ్ అడిగే అవకాశం ముగిసిపోవడానికి పెట్టింది.

ఉన్నది ఉన్నట్టు రివ్యూ రాశాను. దాని కింద వాళ్ళ జవాబు, ‘నీళ్ళు ఎక్కువ పోసి చంపేసి మమ్మల్ని అంటున్నారు.’ నన్ను బ్లాక్ కూడా చేశారు. కాదని చూపించడానికి నా దగ్గర ఉన్నవి ఆకుల ఫోటోలే. కుళ్ళిన వేరు చేతిలో ఉన్న ఆ క్షణంలో ఫోటో తీయాలని తోచలేదు. అందుకే చెబుతున్నాను, పెట్టె కోయకముందే వీడియో మొదలుపెట్టండి. పార్శిల్ మీది లేబుల్ కనబడాలి, మధ్యలో ఆపకూడదు, వేర్ల దాకా విప్పి చూపించాలి. ఆకు ఫోటో ఏదీ రుజువు చేయదు, ఎందుకంటే ఆకు ఎన్ని కారణాలకైనా పసుపెక్కుతుంది.

నిజమే, ఓపిక పట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఫైకస్ బెంజమినా చోటు మారితే చాలు, గుప్పెళ్ళకొద్దీ ఆకులు రాలుస్తుంది, తర్వాత కొత్తవి వేస్తుంది. నాలుగు రోజులు చీకటి పెట్టెలో ఉన్న ఏ మొక్కకైనా కింది ఆకు ఒకటి రెండు పసుపెక్కితే సెల్లర్‌ని తప్పుపట్టకూడదు. ఆల్బో మాన్‌స్టెరాలో తర్వాత వచ్చే ఆకుకి తెలుపు ఎంత వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు, ఆ గుణం నిలకడగానూ ఉండదు. తేడా తెలియాలంటే వేరు చూడాలి. వేరు గట్టిగా ఉండి, వాసన లేకపోతే ఆగండి. మెత్తగా ఉండి కంపు కొడితే ఆ రోజే, ఆ గంటలోనే రీఫండ్ అడగండి. అదీ చాట్‌లో కాదు, కొన్న సైట్‌లోని ఫిర్యాదు పేజీలో. చాట్‌లో ఎంత మంచిగా మాట్లాడుకున్నా గడువు గడియారం ఆగదు. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

నా సంగతి చెప్పాక తెలిసిన ఒకావిడ తన కథ చెప్పింది. ఆవిడకి వచ్చిన పార్శిల్‌లో మొక్క బదులు ఎండిన కాడ ఉంది. డబ్బు కట్టిన పేపాల్‌లో (ఆన్‌లైన్ చెల్లింపుల సేవ) డిస్ప్యూట్, అంటే సెల్లర్ మీద ఫిర్యాదు వేసింది. వెంటనే సెల్లర్ ఫోన్ చేసి, ‘మీరు డిస్ప్యూట్ మూసేయండమ్మా, రేపే కొత్తది పంపిస్తా’ అన్నాడట. మూసేసింది. కొత్తది రాలేదు. పేపాల్‌లో ఒకసారి మూసిన డిస్ప్యూట్‌ని మళ్ళీ తెరవలేం. ఇంకో మెలిక కూడా ఉంది. డబ్బు కట్టిన 180 రోజుల్లోపు డిస్ప్యూట్ వేయొచ్చు, కానీ వేసిన 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (పేపాలే తేల్చాలని అడగడం) మార్చకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది. అక్కడా ‘కాస్త ఆగండి’ అనే మాటే పనిచేస్తుంది. ఇక పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ (తెలిసినవాళ్ళకి డబ్బు పంపే) పద్ధతిలో పంపమని, అలా అయితే ధర తగ్గిస్తామని అడిగే సెల్లర్లు ఉన్నారు. అలా పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. తగ్గింపు ఎందుకిస్తున్నారో ఆలోచించండి.

కొన్ని మొక్కల విషయంలో రెండు వారాలు కాదు, రెండేళ్ళు ఆగినా ఫలితం ఉండదు. గుండె ఆకారంలో ఒకే ఆకు, చిన్న కుండీలో గుచ్చి అమ్ముతారు చూశారా, హోయా కెర్రీ? ఆ ఆకుకి కణుపు లేకపోయినా వేర్లయితే వస్తాయి, ఏళ్ళ తరబడి పచ్చగానూ ఉంటుంది, కానీ తీగ మాత్రం సాగదు. ‘నిదానంగా పెరిగే జాతి, ఓపిక పట్టండి’ అంటారు. కణుపు కనబడే ఫోటో అడగండి, ఇవ్వకపోతే కొనకండి. పింక్ కాంగో ఫిలోడెండ్రాన్ దీనికి తలకిందులు. ఆ గులాబీ రంగు జాతి లక్షణం కాదు, మందు పెట్టి తెప్పించింది. కొన్ని నెలలకి కొత్త ఆకులన్నీ ఆకుపచ్చగానే వస్తాయి. ఫిర్యాదు చేద్దామంటే అప్పటికి అన్ని గడువులూ దాటిపోయి ఉంటాయి.

సెల్లర్లందరూ ఇలాగే ఉంటారని నేననను. ఇంకొకావిడ దగ్గర హోయా తీగ కొన్నాను, దారిలో మధ్యకి విరిగింది. ఒక్క ఫోటో అడిగారు. ‘ఇది మా ప్యాకింగ్ లోపమే’ అని సగం డబ్బు ఆ సాయంత్రమే వెనక్కి వేశారు, విరిగిన ముక్కను కణుపు నాచుకి ఆనేలా పెట్టమని చెప్పారు. ఇప్పుడు అది నా కిటికీలో తీగ సాగుతోంది. ఆవిడ దగ్గరే తర్వాత కలాథియా తీసుకున్నాను. మూడు వారాలకి ఆకుల అంచులు ఎండాయి. అడిగితే, ‘ఇది మీ దగ్గర గాలి పొడిగా ఉండడం వల్లో, నీళ్ళలో ఉప్పు వల్లో అండీ, దీనికి నేను డబ్బు ఇవ్వలేను’ అన్నారు. న్యాయంగా అనిపించింది. కాదు అని చెప్పినా అదే రోజు, కారణంతో సహా చెప్పారు. మొదటి మనిషి గడువు ముగిసేదాకా అవుననే అన్నారు.

అందుకని ఇప్పుడు కొనేముందు ఐదు నక్షత్రాల రివ్యూలు చదవడం మానేశాను. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళకి సెల్లర్ ఏం జవాబు రాశారో అది చదువుతున్నాను. ‘మీరు నీళ్ళెక్కువ పోశారు’ అని ప్రతి ఒక్కరికీ ఒకే మాట కనబడితే అక్కడ కొనను. కొనేముందు సెల్లర్‌ని ఒకే ప్రశ్న అడుగుతాను: ‘పెట్టె తెరిచేసరికి వేర్లు కుళ్ళి ఉంటే ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కిస్తారు?’ జవాబు రాతలో తీసుకుంటాను. మొక్కకి మొక్క ఇస్తామంటే నేను ఒప్పుకోను, ఒకే ట్రేలో కుళ్ళు పట్టినప్పుడు పక్క మొక్క బాగుంటుందన్న నమ్మకం లేదు.

మీలో ఎవరికైనా ఇప్పుడు ఇలాంటి ‘ఆగండి’ నడుస్తుంటే, సెల్లర్‌కి ఇంకో మెసేజ్ పెట్టేముందు డెలివరీ అయిన తేదీ చూసి రోజులు లెక్కపెట్టండి. గడువు ఇంకా ఉంటే ఫిర్యాదు ఈ రోజే వేయండి. ఏం రాయాలో తెలియకపోతే నన్నడగండి, కూర్చుని రాసిస్తాను.