ఓజ్ కథా, చిహిరో సినిమానా? పిల్లలకి ఏది ముందు
తమ మీద తమకి నమ్మకం లేని పిల్లలకి 1900లో వచ్చిన అమెరికా రచయిత బామ్ ఓజ్ కథ, 2001 నాటి జపాన్ దర్శకుడు మియజాకి యానిమేషన్ సినిమా స్పిరిటెడ్ అవే రెండూ మంచివే కానీ దారులు వేరు. ఓజ్‌లో దిష్టిబొమ్మ నాకు బుర్ర లేదని బాధపడుతూనే, అగాధం అడ్డొస్తే చెట్టు నరికి అటు పడేసి దాటేద్దాం అని ఐడియా ఇచ్చేది తనే, అది వినే పిల్లలకి వెంటనే అర్థమైపోద్ది. స్పిరిటెడ్ అవేలో చిహిరోకి పదేళ్లు, ఆ పిల్ల పేరు కూడా లాగేసుకుని దేవుళ్లొచ్చే స్నానాల సత్రంలో పనికి పెడతారు, కంపుకొట్టే దేవుడి ఒంట్లో ఏదో గుచ్చుకుందని కనిపెట్టేది తనే, తాడు కట్టి అందరూ లాగితే సైకిలూ బోలెడు చెత్తా బయటికొస్తాయి, అక్కడ్నించి పిల్ల తీరే మారిపోద్ది. నాకైతే చిహిరోనే ఎక్కువ ఇష్టం, ఎవరి సర్టిఫికెట్టూ లేకుండా పని చేస్తూ ఎదుగుద్ది కాబట్టి. కాకపోతే అమ్మానాన్నా పందులైపోయే సీన్ చిన్నోళ్లని బాగా భయపెడుతుంది, వాళ్లకి ముందు ఓజ్ చదివి వినిపించండి.