ఇంటి పక్క పెద్ద చెట్టు: తల నరికించాలా, కొమ్మలు తీయించాలా, మొత్తం కొట్టేయించాలా?

ఈదురుగాలుల కాలం వస్తోందంటే ఇంటిని ఆనుకుని పెద్ద చెట్టు ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు వినిపించే సలహాలు మూడే. తల నరికించి ఎత్తు తగ్గించేయడం ఒకటి. చూసుకుని కొన్ని కొమ్మలు మాత్రమే తీయించడం రెండోది. అసలు గొడవే లేకుండా మొదలంటా కొట్టేయించడం మూడోది. ఎక్కువమంది మొగ్గేది మొదటిదానికే. చెట్టూ ఉంటుంది, భయమూ తీరుతుంది, పని కూడా ఒక్క పూటలో అయిపోతుంది. నా దృష్టిలో మాత్రం ఈ మూడింటిలో ఇంటికి ఎక్కువ ముప్పు తెచ్చేది అదే.

తల నరకడమంటే లావు కొమ్మలను ఎక్కడ పడితే అక్కడ అడ్డంగా కోసి మోడుగా వదిలేయడం. చెట్టుకు తిండి తయారుచేసేవి ఆకులు. అవి ఒక్కసారిగా పోతే చెట్టు తన కాండంలో, వేళ్లలో దాచుకున్న నిల్వలన్నీ బయటికి తీసి, కోసిన చోటి చుట్టూ గుంపులు గుంపులుగా చిగుళ్లు వేస్తుంది. ఆ చిగుళ్లు విపరీతమైన వేగంతో సాగుతాయి. కొన్నేళ్లలోనే చెట్టు మళ్లీ పాత ఎత్తుకు చేరుకుంటుంది. 'ఎంత బాగా చిగురించిందో' అని మనం సంతోషిస్తాం కానీ, తిండి కరువై తొందరపడిన చెట్టు అలాగే చిగురిస్తుంది.

అలా వచ్చిన కొమ్మల్లో ఒకదాన్ని దగ్గరికెళ్లి, అది అతుక్కున్న మొదలు దగ్గర చూడండి. మామూలు కొమ్మ ఏటేటా పెరిగే కొద్దీ కాండం చెక్క దాని మొదలు చుట్టూ పొరలు పొరలుగా అల్లుకుంటుంది. అందుకే దాని పట్టు కాండం లోపలిదాకా ఉంటుంది. నరికిన చోట పుట్టిన చిగురుకు ఆ లోతు లేదు. అది బెరడు కింద పైపైనే పుట్టింది. లేతగా ఉన్నప్పుడు చేత్తో పక్కకు లాగితే మొదలుతో సహా ఊడి వస్తుంది, ఆ చోట చిన్న గుంట మిగులుతుంది. కొన్నేళ్లకు అదే కొమ్మ చేయంత లావై మీ ఇంటి కప్పు మీదకు వాలి ఉంటుంది. ఈలోగా దాన్ని మోస్తున్న మోడు లోపల పుచ్చుపడుతుంది. పైన బరువు పెరుగుతుంటే కింద పట్టు సడలుతూ ఉంటుంది. పైగా అంతవరకూ నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడి, కమిలి పగులుతుంది.

ఈ పుచ్చు సంగతి సరిగ్గా అర్థం కావాలంటే అలెక్స్ షైగో గురించి చెప్పాలి. ఈయన అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన శాస్త్రవేత్త. వేల చెట్లను నిలువునా కోయించి, గాయం లోపల ఏం జరుగుతుందో గమనించారు. 1970లలో ఆయన వివరించింది ఇదీ: మన చర్మానికి మానినట్టు చెట్టుకు గాయం మానదు. దెబ్బతిన్న భాగాన్ని చెట్టు లోపల్లోపలే వేరుచేసి, పుచ్చు అవతలికి పాకకుండా అడ్డుకట్ట వేస్తుంది, ఆ పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. అడ్డుకట్ట గట్టిగా పడుతుందా లేదా అన్నది కోత పడిన చోటును బట్టి ఉంటుంది. కొమ్మ కాండంతో కలిసే చోట కాస్త ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది చూడండి, చెట్టుకు అక్కడ సహజమైన హద్దు ఉంది. ఆ ఉబ్బును ముట్టుకోకుండా దానికి సరిగ్గా బయట కోస్తే చెట్టు తనంతట తానే మూసుకుంటుంది. కాండానికి సమంగా చెక్కేసినా, జానెడు మోడు వదిలేసినా పుచ్చుకు దారి ఇచ్చినట్టే. కోసిన చోట తారో రంగో పూస్తే పుచ్చు ఆగుతుందన్న నమ్మకం కూడా ఆయన పరిశీలనల్లో నిలవలేదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అందుకే నా ఓటు రెండో దారికి, కొన్ని కొమ్మలే ఎంచి తీయించడానికి. ఎండినవి, విరిగి వేలాడుతున్నవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి, కప్పును తాకుతున్నవి ముందు తీయించాలి. పొడవు తగ్గించాల్సిన కొమ్మ ఉంటే దాన్ని మధ్యలో తుంచేయకూడదు. వెనక్కి వచ్చి, ఒక పక్క కొమ్మ దగ్గర కోయాలి. ఆ పక్క కొమ్మ, కోస్తున్న కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అప్పుడే అది ముందుండి పెరుగుదలను తీసుకుంటుంది, గుంపు చిగుళ్లు తగ్గుతాయి. ఒక ఏడాదిలో పచ్చని ఆకులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టయితే ఇంకా తక్కువే.

ఇక్కడా ఒక పొరపాటు జరుగుతుంటుంది. 'గాలి దూరాలి' అని లోపలి చిన్న కొమ్మలన్నీ గీకేసి చివర్లలో మాత్రం గుబురు వదిలేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ బరువంతా కొమ్మ చివరకు చేరుతుంది. గట్టి గాలికి ఆ కొమ్మ విరిగే అవకాశం పెరుగుతుంది.

లావు కొమ్మను ఒకే కోతతో తీయడమూ తప్పే. సగం తెగేసరికి బరువుకు ఒరిగి, కాండం బెరడును నిలువునా చీల్చుకుంటూ పడుతుంది. కాండానికి ఓ అడుగు దూరంలో ముందు కింది వైపు నుంచి కొంత లోతు కోయాలి. తర్వాత ఇంకాస్త బయటగా పై నుంచి కోసి కొమ్మను దించేయాలి. మిగిలిన మొద్దును చివర్లో ఉబ్బుకు బయట తీసేయాలి. పనికి వచ్చినవారిని 'కోత ఎక్కడ పెడతారు?' అని ఒక్క ప్రశ్న అడగండి. 'అన్నిటినీ సగానికి కొట్టేద్దాం' అన్నారంటే ఇంకొకరిని వెతుక్కోవడం మంచిది. మీరు స్వయంగా చేసేది నేల మీద నిలబడి అందుకోగలిగినంత వరకే. నిచ్చెనెక్కి మోటారు రంపం పట్టుకునే పని వద్దే వద్దు. కరెంటు తీగల దగ్గరున్న కొమ్మ అయితే కిందినుంచి కర్రతో కూడా కదపకండి, విద్యుత్ శాఖ వాళ్లకే చెప్పండి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది.

ఈ దారికి లోటు లేకపోలేదు. ఒక్కసారితో అయిపోదు, కొన్నేళ్లకోసారి చూపించుకోవాలి, పని తెలిసినవారు కావాలి. అయినా తల నరికించిన చెట్టుకు అంతకంటే ఎక్కువసార్లే మనిషిని ఎక్కించాల్సి వస్తుంది.

మరి మొత్తం తీసేయించాల్సింది ఎప్పుడు? చెట్టు కొత్తగా ఒరిగి, ఒరిగిన దానికి వెనకవైపు నేల బీటలు తీసి పైకి లేస్తుంటే ఆలస్యం చేయకూడదు. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల లాంటివి గట్టిగా అతుక్కుని పెరగడం, కాండం రెండుగా చీలిన పంగలో పగులు కనిపించడం, పక్కనే కాలువ తవ్వి లావు వేళ్లు తెగ్గొట్టడం కూడా అలాంటి హెచ్చరికలే. వీటిలో ఏది కనిపించినా నిపుణుడికి చూపించి, అవసరమైతే తీసేయించాలి. అలాగని కాస్త బోలు ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు, చుట్టూ ఉన్న గట్టి చెక్క మందం సరిపోతే ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. చిన్నప్పటి నుంచే వంగి, పైకి వెళ్లే కొద్దీ నిటారైన చెట్టుకూ అంత భయం అక్కర్లేదు.

నల్లరేగడి లాంటి బంకనేలలో కొట్టేయడం కూడా ఆలోచించి చేయాలి. చెట్టు నీరు లాగేస్తుంటే ఆ నేల కుంచించుకుంటుంది. చెట్టు పోయాక తేమ చేరి మళ్లీ ఉబ్బుతుంది. రెండు సందర్భాల్లోనూ పునాది కదిలి గోడలు పగలొచ్చు. అలాంటి చోట కొట్టించే ముందు ఇంజినీరును అడగడం అవసరం. వేళ్లు పైపుల్లోకి వెళ్లాయని చెట్టు కొట్టించేవాళ్లూ ఉన్నారు. వేరు మామూలుగా దూరేది అప్పటికే కారుతున్న అతుకులోకి. పైపు బాగుచేయిస్తే చాలావరకు ఆ తగాదా తీరుతుంది. ఇంటివైపు వేళ్లన్నీ నరికేయడం మాత్రం చాలా ప్రమాదం. వేళ్లలో ఎక్కువ భాగం నేలలో పై రెండడుగుల్లోనే పరుచుకుని ఉంటాయి, చెట్టును పట్టి నిలబెట్టేవీ అవే.

కొత్తగా నాటేవాళ్లకు ఈ మూడు దారుల అవసరమే పడకుండా చూసుకునే వీలుంది. మొక్కను కాకుండా పూర్తిగా ఎదిగిన చెట్టును ఊహించుకుని చోటు ఎంచుకోండి. చిన్నగా ఉండిపోయే రకానికి గోడ నుంచి 3 మీటర్లు, మధ్యరకానికి 6, మహావృక్షమయ్యేదానికి కనీసం 10 మీటర్లు ఉండేలా చూసుకోండి. పైన తీగలు, కింద పైపులు ఉంటే ఇంకో చోటు చూడండి. కాండం అడుగున వేళ్లుగా విచ్చుకునే భాగం నేల పైకి కనిపించేలా నాటాలి, దాని చుట్టూ మట్టి గుట్ట పోయకూడదు. ఊతం కర్ర మొదటి ఏడాది దాటాక తీసేయండి. గాలికి కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది. రెండు మూడేళ్ల మొక్కలో సమానమైన రెండు తలలు పోటీపడుతుంటే బలహీనంగా ఉన్నదాన్ని అప్పుడే తీసేయండి. వేలంత లావున్న ఆ కొమ్మకు చిన్న కత్తెర చాలు.