మా క్లబ్బు పాటల సాయంత్రాలు: పదేళ్లు దాటి వెళ్తున్నాక రాస్తున్నది

"మీ క్లబ్బులో జానపద పాటలు బాగుంటాయటగా, ఒకసారి రావచ్చా" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఏ రోజు వస్తారని అడుగుతాను. ఎందుకంటే అక్కడ జరిగేవి రెండు. మూడు నెలలకోసారి టికెట్ పెట్టి మైకులతో చేసే కచేరీ ఒకటి. ప్రతి రెండో శనివారం వెనక వరండాలో చాపలేసుకుని పాడుకునేది ఇంకొకటి. ఇన్నేళ్లుగా రెండిటికీ వెళ్తున్నాను. వరండాకు కళ్లు మూసుకుని రండి. కచేరీకి మాత్రం ఎవరొస్తున్నారో, ఏం వాయిస్తారో కనుక్కుని రండి.

వరండా పాటలు హుద్‌హుద్ తుపాను తర్వాత మొదలయ్యాయి. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖను ఊడ్చేశాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు సరిగ్గా పని చెయ్యలేదు, ఎంవీపీ కాలనీలో మా వీధిలో చెట్లన్నీ రోడ్డుకు అడ్డంగా పడున్నాయి. చీకటి పడితే ఇంట్లో ఉక్కపోత భరించలేక క్లబ్బు మెట్ల మీద పది పదిహేను మందిమి చేరేవాళ్లం. పోర్టులో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన, శ్రీకాకుళం వైపు మనిషి, ఖాళీ నూనె డబ్బా ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పుడు తన ఊళ్లో తప్పెటగుళ్లు, అంటే తప్పెట కొడుతూ ఆడిపాడే ఆట, వేసేవాళ్ల దగ్గర విన్న పాట ఎత్తుకున్నాడు. వంత మాకెవరికీ రాదు. ఒక చరణం పాడి ఆగి, "అనండి బావూ, నానొక్కడినే ఎంతసేపు పాడతాను" అన్నాడు. అన్నాం. కరెంటొచ్చాక కూడా ఆ కూర్చోవడం ఆగలేదు, కరోనా వచ్చినప్పుడు తప్ప.

ఈ వరండాలో తప్పకుండా వినాల్సింది జముకు. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. బోలుగా ఉండే గుల్లకు ఒకవైపు తోలు బిగిస్తారు, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం వస్తుంది, నరం చివర పట్టుకోవడానికి చిన్న పుల్ల. గుల్లను చంకలో ఇరికించుకుని ఒక చేత్తో నరాన్ని లాగుతూ వదులుతూ రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే శబ్దం పైకి లేస్తుంది, వదిలితే గుర్రుమంటూ కిందికి జారుతుంది. జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథలో ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు పాడేవాళ్ల గొంతు ఎంత సాగితే జముకు కూడా అంతే సాగుతుంది, మూడడుగుల దూరంలో కూర్చుంటే ఆ మోత మన పక్కటెముకలకు తెలుస్తుంది. అదే జముకును హాల్లో మైకు ముందు విన్నాను. మీటిన టకటక తప్ప జారుడు వినపడలేదు. సౌండ్ కుర్రాడు వాల్యూమ్ పెంచితే స్పీకర్లు కుయ్యిమన్నాయి. అతని తప్పేమీ లేదు, సినిమా పాటల ఆర్కెస్ట్రాకు పెట్టే సెట్టింగే దీనికీ పెట్టాడు, జముకు ఎలా పలకాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

డప్పుది ఇంకో బాధ. మన ఊళ్లో సముద్రపు గాలికి తోలు తేమ పట్టి దిగిపోతుంది, మంట దగ్గర కాచకపోతే మోగదు. ఒకసారి కచేరీకి బయట ఒక పెద్ద ఏసీ హాలు అద్దెకు తీసుకున్నారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన బృందం డప్పులు కాచుకోవడానికి నాలుగు కాగితాలు వెలిగించబోతే హాలు వాళ్లు ఒప్పుకోలేదు. ఏసీ హాల్లో ఆ మాట సరే, కానీ బయట ఆవరణలోనైనా ఒక మూల చూపించాలి కదా! ఆరున్నరకని చెప్పి జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ అయ్యేసరికి ఎనిమిదయింది. మెత్తబడిన డప్పులతో ముప్పావుగంట వాయించి, ఆఖరి బస్సు తప్పిపోతుందని వాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌ బస్టాండుకు పరిగెత్తారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు మనం ఇచ్చిన సమయం అంతేనా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కమిటీకి ఉత్తరం కూడా రాశాను. తర్వాతి కచేరీ నుంచి ఉపన్యాసాలు పావుగంటకు తగ్గాయి.

కచేరీలన్నీ ఇలాగే ఉంటాయని కాదు. నిరుడు క్లబ్బు మైదానంలో తప్పెటగుళ్లు పెట్టారు, అది మాత్రం జన్మలో మరిచిపోను. కాళ్లకు గజ్జెలు, రొమ్ము మీద వేలాడే తప్పెటను రెండు అరచేతులతో కొడుతూ గుండ్రంగా తిరుగుతూ, అడుగు వేగం పెరిగేకొద్దీ ఒకరి భుజాల మీదికి ఒకరు ఎక్కి నిలబడి కూడా దరువు తప్పలేదు. దానికి మైకు పెట్టలేదు, అవసరమూ రాలేదు.

వరండాలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఎనిమిదిన్నర దాటాక ఎవరో ఒకరు ఫోన్‌లో కరోకే ట్రాక్ పెడతారు. సినిమా పాట పాడితే తప్పేం కాదు, మేమూ పాడతాం. కానీ ట్రాక్ మొదలవగానే వంత ఆగిపోతుంది, అందరూ ప్రేక్షకులైపోతారు. దోమలు సరేసరి.

మధురవాడ నుంచి వచ్చే ఒకావిడ ఉంది, అరవై దాటాయి, పెళ్లికి ముందు పొలం పనులు చేసిన మనిషి. వరి నాటేటప్పుడు పాడే ఊడుపు పాట పాడుతుంటే మాలో ఒకమ్మాయి, కాలేజీలో సంగీతం నేర్చుకుంటున్న పిల్ల, "అమ్మా, ఇక్కడ దీర్ఘం ఎందుకంత సాగదీస్తున్నారు, తాళం తప్పుతోంది కదా" అంది. ఆవిడేం కోప్పడలేదు. చీపురులోంచి గుప్పెడు పుల్లలు లాక్కుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, నడుం వంచి వరండా గచ్చు మీదే నాటడం మొదలెట్టింది. వంగి నాలుగు పుల్లలు పెట్టేదాకా ఆ దీర్ఘం, ఒకడుగు వెనక్కి వేసినప్పుడు కొత్త మాట. "అడుగు పడ్డాకే గదమ్మా ఇంకో మాట" అంది. ఆ పిల్ల కూడా లేచి పక్కన వంగింది. ఆ పాట తాళం నాకు ఆరోజు అర్థమైంది, అంతకుముందు అయిదారేళ్లుగా వింటూనే ఉన్నాను.

సభ్యులు కాకపోయినా రెండో శనివారం రావచ్చు, డబ్బేమీ అడగరు. బయటి కళాకారులు వచ్చిన రోజు మాత్రం పళ్లెం తిప్పుతారు, దయచేసి చిల్లర వెయ్యకండి. గోడవారగా కాకుండా ముందు చాప మీద కూర్చోండి, వంత అందుకోండి, గొంతు ఎలా ఉన్నా సరే. ఏడింటికి మొదలని చెప్తారు గానీ డప్పు ఉన్న రోజు ఆరింటికే రండి. పెరట్లో కొబ్బరి మట్టలతో చిన్న మంట వేస్తారు. కాస్త కాచి, డప్పు కొట్టే చిర్ర పుల్లతో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా రాలేదని మళ్లీ మంట దగ్గరికి తిప్పుతారు.