ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో వేవర్ బిడ్డింగ్: కమిషనర్‌గా చాలా సీజన్లు నడిపాక నా మాట

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాళ్లతో ఊహా టీములు కట్టి, వాళ్లు నిజంగా ఆడినదాన్ని బట్టి పాయింట్లతో పోటీపడేదే ఫ్యాంటసీ లీగ్. దాన్ని నడిపే కమిషనర్లంతా ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ రోజు మీదే ప్రాణం పెడతారు. డ్రాఫ్ట్ ఎలాగూ బాగానే జరుగుతుంది. లీగ్ చచ్చిపోయేది అక్టోబర్‌లో. 1-4 రికార్డుతో (ఒక గెలుపు, నాలుగు ఓటములు) ఉన్న ఓనర్, అంటే ఊహా టీము నడిపేవాడు, లైనప్ చూడటం మానేస్తాడు, బై వీక్‌లో (ఆట లేని వారంలో) ఉన్న ఆటగాడు స్టార్టర్లలో అలాగే ఉండిపోతాడు, అతనితో ఆడిన వాళ్లకి ఆ వారం గెలుపు ఊరికే వస్తుంది. మా పన్నెండు టీముల లీగ్‌లో ఈ జబ్బుకి పనిచేసిన మందు ఒక్కటే: వేవర్స్‌ని, అంటే ఏ టీములోనూ లేని ఆటగాళ్లని సీజన్ మధ్యలో తీసుకునే పద్ధతిని, బిడ్డింగ్‌కి మార్చడం. అందరూ ఫాబ్ అనేది దీన్నే. మిగతా సెట్టింగ్‌ల మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ఈ ఒక్కదాని గురించి మాత్రం ఎంతసేపైనా వాదిస్తాను.

మొదట్లో అందరిలాగే మేమూ చివరి టీముకి మొదటి అవకాశం ఇచ్చే పద్ధతే వాడాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. దాని లోపం ఎక్కడుందో 2023 సెప్టెంబర్ 18 సోమవారం రాత్రి చూస్తే తెలుస్తుంది. పిట్స్‌బర్గ్‌లో బ్రౌన్స్ టీము రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తే ఆటగాడు) నిక్ చబ్ మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అతని బదులు దిగిన జెరోమ్ ఫోర్డ్ 106 గజాలు పరిగెత్తాడు. పాత పద్ధతిలో ఫోర్డ్ వెళ్లేది 0-2తో అడుగున ఉన్న టీముకి, వాళ్లకి రన్నింగ్ బ్యాక్ అవసరం ఉన్నా లేకపోయినా. చబ్‌ని పోగొట్టుకున్న ఓనర్ 2-0తో పైన ఉంటే చూస్తూ కూర్చోవాల్సిందే. బిడ్డింగ్‌లో అలా కాదు. అవసరం ఎవరికి ఎక్కువుంటే వాళ్లు ఎక్కువ పెడతారు. సీల్డ్ కవర్ టెండర్ లాంటిదే: ఒకరిది ఒకరికి కనబడదు, కవర్లు విప్పాక ఎక్కువ పాడినవాడిదే సరుకు.

రిస్క్ కూడా ఆ పాడినవాడిదే. బుధవారం తెల్లవారుజామున ఫోర్డ్ కోసం సగం బడ్జెట్ పోసినవాళ్లకి అదే రోజు బ్రౌన్స్ టీము మరో రన్నింగ్ బ్యాక్ కరీమ్ హంట్‌ని మళ్లీ తెచ్చుకుందన్న వార్త వచ్చింది. అలాంటి బుధవారాల్లో గ్రూపులో మాటలు ఆగవు. నేను కోరుకునేది అదే.

సెట్టింగ్‌ల సంగతికొస్తే, సీజన్‌కి ఒక్కో టీముకి 100 డాలర్లు, అన్నీ ఉత్తుత్తి డాలర్లే. కనీస బిడ్ తప్పనిసరిగా సున్నా ఉండాలి. కొన్ని లీగ్‌లు 1 డాలర్ పెడతాయి. అలా పెడితే డబ్బంతా అయిపోయిన ఓనర్ నవంబర్‌లో కిక్కర్‌ని కూడా మార్చుకోలేడు, ఆ క్షణం నుంచి యాప్ తెరవడు. ఒకేలా బిడ్లు వచ్చినప్పుడు ఎవరికివ్వాలనేది చాలా యాప్‌లలో కమిషనరే ఎంచుకోవచ్చు. మా దగ్గర స్టాండింగ్స్‌లో కింద ఉన్నవాళ్లకి ఇస్తాం. మనుషులు 10, 15, 20 లాంటి గుండ్రటి అంకెలే పెడతారు కాబట్టి టైలు అనుకున్నదానికంటే ఎక్కువే వస్తాయి. రెండు మూడు వారాలు గడిచేసరికి అందరికీ తెలిసిపోయి 11, 16, 21 మొదలవుతాయి. టైలు మరీ చిరాకు పెడితే బడ్జెట్ 1000కి మార్చండి, దాదాపు మాయమవుతాయి.

కొత్తవాళ్లు తడబడేది బిడ్ల వరుస దగ్గర. 2023 మొదటి వారం తర్వాత పరిస్థితే తీసుకోండి. ఎన్ఎఫ్ఎల్ సొంత డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో 177వ పిక్‌గా రామ్స్ టీముకి వచ్చిన రూకీ (తొలి సీజన్ ఆటగాడు) రిసీవర్ పుకా నకువా తొలి ఆటలోనే 10 క్యాచ్‌లు, 119 గజాలు. అదే టీములో కైరెన్ విలియమ్స్‌కి రెండు టచ్‌డౌన్లు. ఓనర్‌కి ఇద్దరిలో ఒక్కరే కావాలనుకోండి. మొదటి బిడ్ నకువాకి 24, రెండోది విలియమ్స్‌కి 12 పెట్టి, రెండింటిలోనూ డ్రాప్ చేసే (టీము నుంచి వదిలేసే) ఆటగాడిగా ఒకే పేరు ఇవ్వాలి. నకువా వస్తే ఆ డ్రాప్ పేరు రోస్టర్‌లో (టీము జాబితాలో) ఉండదు, రెండో బిడ్ దానంతటదే రద్దవుతుంది. రెండింటికీ వేరువేరు పేర్లిస్తే ఇద్దరూ వచ్చి పడతారు, 36 డాలర్లు ఖర్చు. సీజన్ మొదలవ్వక ముందే ఈ సంగతిని స్క్రీన్‌షాట్‌తో గ్రూపులో పిన్ చేసేస్తే సగం తగాదాలు పుట్టవు.

ఇక మొత్తంలో నాకు బాగా నచ్చింది ఓడిన బిడ్లను కూడా బయటపెట్టే ఆప్షన్. ఇది ఆన్ చేయని కమిషనర్లు చాలామంది ఉన్నారు, ఎందుకో నాకు అర్థం కాదు. నకువాని ఎవరు ఎంతకి తీసుకున్నారన్నది ఒక్క నిమిషం ముచ్చట. ఎవరు ఒక్క డాలర్ తేడాతో పోగొట్టుకున్నారు, ఎవరు ఎవరూ అడగని ఆటగాడికి 40 పోశారు అన్నది వారమంతా నడిచే ముచ్చట. రామ్స్ ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయం నుంచి తిరిగొచ్చాక నకువాకి బంతులు తగ్గుతాయని భయపడి తక్కువ పెట్టినవాళ్లు, ఆ సీజన్ 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో రూకీ రికార్డులు పడ్డాక కూడా ఆ మొదటి బుధవారం లిస్టు గురించి మాట్లాడుకున్నారు. బుధవారం పొద్దున ఆ లిస్టును కాపీ చేసి గ్రూపులో వేయడం కమిషనర్‌కి ఐదు నిమిషాల పని. అడుగున ఉన్న టీములు సైతం ఆ లిస్టు కోసం ఎదురుచూస్తాయి.

అందరికీ సమాన అవకాశం అనేది ఈ పద్ధతి గురించి అందరూ చెప్పే మాట. క్యాలెండర్ సరిగ్గా ఉన్నంతవరకు అది నిజమే.

మామూలుగా బిడ్లు తేలేది బుధవారం ఈస్టర్న్ టైమ్ (అమెరికా తూర్పు తీరపు సమయం) తెల్లవారుజామున 3 గంటలకి. సోమవారం రాత్రి ఆటతో వారం ముగిసిపోతుందన్న నమ్మకం మీద పెట్టిన సమయం అది. 2020లో 12వ వారం ఆ నమ్మకం తప్పింది. థాంక్స్‌గివింగ్ రాత్రి జరగాల్సిన రేవెన్స్-స్టీలర్స్ ఆట కోవిడ్ వల్ల మూడుసార్లు వాయిదా పడి డిసెంబర్ 2 బుధవారం మధ్యాహ్నం 3:40కి మొదలైంది. అంటే బిడ్లు తేలే సమయానికి ఆ వారం ఇంకా ముగియలేదు. ఆదివారం స్టార్టర్లుగా ఆడినవాళ్లంతా యాప్‌లో లాక్ అయి ఉన్నారు, వాళ్లని డ్రాప్ చేయడం కుదరదు. ప్రతి వారం డిఫెన్స్‌ని (ఒక ఎన్ఎఫ్ఎల్ టీము డిఫెన్స్ మొత్తాన్ని ఒక ఆటగాడిలా తీసుకుంటారు) మార్చే ఓనర్లు పెట్టిన బిడ్లలో డ్రాప్ పేరు ఆదివారం ఆడించిన డిఫెన్సే. అవన్నీ చెల్లలేదు. బెంచ్ మీద ఉన్నవాళ్లని డ్రాప్‌గా ఇచ్చినవాళ్లవి మాత్రం చెల్లాయి.

అక్కడితో ఆగినా సర్దుకోవచ్చు. బిడ్లు తేలగానే మిగిలిన ఆటగాళ్లంతా ఫ్రీ ఏజెంట్లు అయిపోయారు, ముందు నొక్కినవాడిదే. ఈస్టర్న్ టైమ్ 3 గంటలంటే మా లీగ్‌లో కొందరుండే హైదరాబాద్‌లో డిసెంబర్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అమెరికాలో ఉన్నవాళ్లు నిద్రలో ఉన్నారు, భోజనం చేసి ఫోన్ చూసుకున్న హైదరాబాద్ ఓనర్లకి నిన్నటిదాకా 15, 20 పలికిన ఆటగాళ్లు ఉచితంగా దొరికారు. వాళ్ల తప్పేమీ లేదు, యాప్ ఇచ్చింది తీసుకున్నారు. కానీ ప్లేఆఫ్‌ల ముందు వారం అది, ఊరుకుంటే లీగ్ విడిపోతుంది.

అలాంటప్పుడు చేయాల్సిన పనుల వరుస ముఖ్యం. ముందు ట్రాన్సాక్షన్లన్నీ ఆపేయాలి, లేకపోతే మీరు సరిదిద్దుతుంటే ఇంకొకరు తీసుకుంటూనే ఉంటారు. తర్వాత ట్రాన్సాక్షన్ పేజీ మొత్తం, సమయాలతో సహా, స్క్రీన్‌షాట్ తీయాలి. ఆ తర్వాతే కమిషనర్ టూల్స్‌తో ఉచితంగా పోయినవాళ్లని వెనక్కి తేవాలి. కమిషనర్ డ్రాప్ చేసిన ఆటగాడు కొన్ని యాప్‌లలో వేవర్స్‌లోకి కాకుండా నేరుగా ఫ్రీ ఏజెంట్‌గా పోతాడు, ఒక్కరితో పరీక్షించి చూశాకే మిగతావాళ్లని ముట్టుకోండి. బిడ్లు మళ్లీ చేత్తో తీసుకోవాల్సి వస్తే కమిషనర్ తన బిడ్‌ని ముందుగా వేరే ఓనర్‌కి పంపేసి, ఆ తర్వాతే మిగతావాళ్లవి తెరవాలి. కమిషనర్ కూడా పాట పాడేవాడే కదా, ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే ఎంత నిజాయితీగా చేసినా నమ్మరు. చివరగా బడ్జెట్లు చేత్తో సరిచేసి, ఎవరిది ఎంత మారిందో గ్రూపులో రాయాలి. అదృష్టం కొద్దీ ఆ తర్వాతి వారం గురువారం ఆట లేదు, కౌబాయ్స్-రేవెన్స్ ఆట మంగళవారానికి వెళ్లింది. ఉండి ఉంటే ఇదంతా చేసే వ్యవధే ఉండేది కాదు.

ఇది కోవిడ్‌తో పోయిన సమస్య కాదు. 2024లో క్రిస్మస్ బుధవారం వచ్చింది, ఆ రోజు రెండు ఆటలు పెట్టారు, మొదటిది ఈస్టర్న్ టైమ్ ఒంటిగంటకి. చాలా లీగ్‌లకి ఫైనల్ జరిగే 17వ వారం అది. బిడ్లు తేలాక లైనప్ సర్దుకోవడానికి పది గంటలే, అందులో సగం నిద్ర. అందుకే షెడ్యూల్ రాగానే మంగళ, బుధవారాల్లో ఏ ఆటలున్నాయో చూసుకుని, ఆ వారాలకి బిడ్ల గడువు ఎప్పుడో ఆగస్టులోనే రాసిపెట్టాలి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారం మారుతుంది కాబట్టి భారత్‌లో ఉన్న ఓనర్లకి గడువు గంట ఆలస్యంగా పడుతుంది, అది కూడా రాయండి.

బడ్జెట్ డాలర్లని ట్రేడ్‌లలో ఇచ్చిపుచ్చుకోనివ్వడం సరదాగా ఉంటుంది, ఒకప్పుడు అందరికీ సిఫార్సు చేసేవాణ్ణి. ఇప్పుడైతే ట్రేడ్ గడువు దాటాక కచ్చితంగా ఆపేయమంటాను. ఆశ వదులుకున్న టీము మిగిలిన 60 డాలర్లని స్నేహితుడికి ధారపోస్తే ఆపడానికి మీ చేతిలో నిబంధన ఉండదు. ప్లేఆఫ్‌ల నుంచి బయటపడ్డ టీముల రోస్టర్లు కూడా అప్పుడే లాక్ చేయాలి.

పది, పన్నెండు టీములుండి, ఓనర్లు కనీసం మంగళవారం రాత్రి ఒక్కసారైనా ఫోన్ తెరిచే లీగ్ అయితే కళ్లు మూసుకుని దీనికి మారొచ్చు. ఎనిమిది టీముల ఇంటి లీగ్‌కి నేనైతే పెట్టను. అక్కడ వేవర్స్‌లో మంచి ఆటగాళ్లు ఎప్పుడూ మిగిలే ఉంటారు, పోటీ పడి పాడాల్సిన అవసరమే రాదు. మా లీగ్‌లో సగం మంది డాలస్, న్యూజెర్సీల్లో, కొందరు హైదరాబాద్‌లో ఉండటం వల్లే నాకు ఇది ఇంత విలువైనదిగా అనిపిస్తుందేమో. అందరూ ఒకే టైమ్ జోన్‌లో ఉండే లీగ్‌కి ఫ్రీ ఏజెంట్ల గొడవ ఇంత రాదు, వాళ్లు ముందు ఓడిన బిడ్లను చూపించే ఆప్షన్ ఒక్కటి ఆన్ చేసి చూడొచ్చు.