క్రాక్ ఆఫీసా, లిబ్రే ఆఫీసా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ బస్టాండ్ ఎదుటైనా జిరాక్స్, డీటీపీ షాపుకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లేకుంటే పని నడవదు. పైసలు పెట్టకుండా దొరికే దార్లలో ఇక్కడ పోల్చేవి రెండు: లైసెన్స్ తాళం విరగ్గొట్టిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (క్రాక్), ఎవరైనా ఉచితంగా వాడుకునే లిబ్రే ఆఫీస్.

క్రాక్‌తో వచ్చేది అసలైన వర్డే. ఫైళ్లు చెక్కుచెదరకుండా తెరుచుకుంటాయి, చేయి అలవాటైన మెనూలే. కానీ యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా ఆఫీస్‌ను నడిపించే ప్రోగ్రామ్) ఫోల్డర్‌లో ముందు కనిపించే సూచన: ‘డిఫెండర్ (విండోస్ యాంటీవైరస్) ఆపేయండి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి’. అంటే కావలి కుక్కను కట్టేసి, తాళంచెవి దొంగ చేతికిచ్చినట్టే. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీది కస్టమర్ల ఆధార్ స్కాన్లు అన్నీ ఆ యాక్టివేటర్‌కు అందే వీలుంది. ఇక చట్టం: 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద, దొంగ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం, వ్యాపారంలో వాడకపోతే జైలు తప్పించే వెసులుబాటు కోర్టుకుంది. షాపుకు ఆ మాట చెప్పుకునే వీల్లేదు.

లిబ్రే ఆఫీస్ షాపులో వాడుకున్నా ఉచితమే. చిక్కల్లా వర్డ్‌లో చేసిన డాక్స్ (.docx) ఫైళ్లలో టేబుళ్లు, పేజీ విరుపులు జరగడం. ఎక్కువసార్లు కారణం ఫాంటు లేకపోవడమే. మండలి, నోటో సాన్స్ తెలుగు వేసుకోండి. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో డాక్స్ ఎంచుకోకుంటే కొత్త ఫైలు లిబ్రే ఆఫీస్ మామూలుగా వాడే ఓడీటీ (.odt) రకంగా సేవ్ అవుతుంది. ప్రింటుకిచ్చేది పీడీఎఫ్ చేసే ఇవ్వండి.

‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో (యూనికోడ్ కానివి) కొట్టిన ఫైళ్ల గోల మాత్రం రెండింట్లోనూ ఒకటే: ఫాంటు లేకుంటే పిచ్చి గుర్తులే. కొత్తవైనా, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టండి.