సాఫ్ట్ ఫ్లోరా, హార్డ్ ఫ్లోరా, టియర్‌డ్రాపా: క్యాంపర్ ట్రైలర్లలో ఏది మేలు?

క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లి దిగినచోట తెరిచి పడుకునే బండి, కొందామనుకునేవాళ్లు చాలామంది మొదట అడిగేది ఇందులో ఎంతమంది పడుకోవచ్చు అని. తర్వాత వంటగది ఎలా ఉంది, ఫ్రిజ్ ఎన్ని లీటర్లు, సోలార్ ఎన్ని వాట్లు అంటారు. ఇవన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ నన్నడిగితే వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: వారం రోజుల ప్రయాణంలో మీరు ఎన్నిసార్లు చోటు మారతారు? ఒకచోట దిగి నాలుగైదు రోజులు కదలకుండా ఉండేవాళ్లకి అద్భుతంగా అనిపించే ట్రైలర్, రోజూ పొద్దున్నే సర్దుకుని బయల్దేరేవాళ్లకి రెండో వారానికే విసుగు పుట్టిస్తుంది. అది ట్రైలర్ తప్పు కాదు, దాన్ని ఎంచుకున్నప్పుడు ఈ లెక్క వేసుకోకపోవడమే తప్పు.

సాఫ్ట్ ఫ్లోర్‌తో మొదలుపెడదాం. ట్రైలర్ పెట్టె మీద మంచం ఉంటుంది, దాన్ని ఆనుకుని పెద్ద గుడారం తెరుచుకుంటుంది, గుడారానికి అడుగున కుట్టిన వినైల్ పట్టా నేరుగా నేల మీద పరుచుకుంటుంది. తేలిగ్గా ఉంటుంది కాబట్టి చిన్న కారైనా లాగేస్తుంది, మడిస్తే ఎత్తు తక్కువ కాబట్టి గాలిని పెద్దగా అడ్డుకోదు, లోపల చోటు మాత్రం మిగతా రకాల కంటే ఎక్కువ. పిల్లలకి మంచాలు వేసినా ఇంకా తిరగడానికి జాగా మిగులుతుంది. ఇంత చోటు ఈ బరువులో ఇంకెక్కడా దొరకదు.

చిక్కంతా సర్దేటప్పుడు వస్తుంది. రాత్రంతా వాన పడిందనుకోండి. పొద్దున మేకులన్నీ పీకి, స్తంభాలు దించి, పట్టా మడవడం మొదలుపెడతారు. దాని అడుగున బురద అతుక్కుని ఉంటుంది, గడ్డిపరకలు, చిన్న రాళ్లు కూడా. ఆ బురద పట్టాని మీరు ఎత్తి మడిచి పెట్టేది మీ పరుపు ఉన్న పెట్టె మీదే. మధ్యలో ఒక ప్లాస్టిక్ షీటు వేయకపోతే ఆ తడి సాయంత్రానికి దుప్పట్లోకి వచ్చేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు గుడారం వేసేముందే కింద వేరే టార్పాలిన్ పరుస్తారు, దానివల్ల చాలా మేలు జరుగుతుంది. అయినా ఎండలో పది నిమిషాల పని వానలో ముప్పావుగంట పని అవుతుంది. రాతి నేల మీద మేకులు దిగకపోతే అదింకో తంటా.

హార్డ్ ఫ్లోర్‌లో వెనక్కి తెరుచుకునే రకం ఈ ఒక్క సమస్యని చాలా తెలివిగా తీరుస్తుంది. ప్రయాణంలో పైన మూతగా ఉన్నదే దిగాక వెనక్కి తిరగబడి నేల అవుతుంది. కాళ్ల మీద నిలబడుతుంది కాబట్టి మట్టిని తాకదు, తిరిగి మూసినప్పుడు దాని అడుగు భాగమే బయటి కప్పు. బురద బయటే ఉంటుంది, పరుపు పొడిగా ఉంటుంది. గుడారం దానంతటదే లేచి నిలబడుతుంది, ఒక్క రాత్రి ఆగడమైతే ఒకటి రెండు మేకులతో సరి, అదీ గాలి ఉంటేనే. వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే చక్రంతో, తెరిచే రకమైతే ఒక్కరే చేసుకోవచ్చు.

దీనికీ లోట్లు లేకపోలేదు. తెరిచాక పొడవు దాదాపు రెట్టింపు అవుతుంది, కాబట్టి ఇరుకు స్థలాల్లో వెనక జాగా చూసుకుని నిలపాలి. మంచం ఎత్తులో ఉంటుంది, అర్ధరాత్రి నిచ్చెన దిగడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇబ్బందే. గట్టి నేల భాగం చిన్నది, నలుగురు ఉంటే పక్కన అదనపు గది తగిలించుకోవాల్సిందే, అప్పుడు మళ్లీ స్తంభాలు, తాళ్లు, మేకులు అన్నీ తిరిగొస్తాయి. నలుగురికి హార్డ్ ఫ్లోర్ అని అమ్మేవాళ్లు చూపించే ఫొటోలో ఆ అదనపు గది తగిలించి ఉందా లేదా అని ఓసారి పరిశీలనగా చూడండి.

హార్డ్ ఫ్లోర్‌లోనే ముందుకి తెరుచుకునే ఫార్వర్డ్ ఫోల్డ్ సంగతి వేరు. ఇందులో మూత ముందుకి తిరగబడి సామాన్ల పెట్టె మీద ఆనుతుంది, మంచం అక్కడ వస్తుంది, వెనక భాగంలో బల్ల చుట్టూ సోఫాలు, రాత్రికి అవే ఇంకో మంచం. వాన రోజు నలుగురూ లోపల కూర్చుని ఆడుకోవడానికి ఇంతకంటే సుఖమైన మడత ట్రైలర్ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నాకు ఇది అంతగా నచ్చదు, కారణం బరువు. ఖాళీగానే టన్ను దాటేవి బోలెడు. ముందున్న పెట్టెలో గ్యాస్, ఫ్రిజ్, పనిముట్లు అన్నీ చేరతాయి, ఆ భారం కారు హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం మీద పడుతుంది. కాన్వాస్ గోడలు పెద్దవి, ఎత్తైనవి, గాలి గట్టిగా వీస్తే తెరచాపలా పట్టుకుంటాయి.

ఇద్దరే వెళ్లేవాళ్లకైతే టియర్‌డ్రాప్, అంటే కన్నీటి చుక్క ఆకారంలో గట్టి గోడలున్న చిన్న పెట్టె, దాని ముందు మిగతావన్నీ నాకు బరువుగానే కనిపిస్తాయి. ఆగడం, తలుపు తీయడం, పడుకోవడం, అంతే. కాన్వాస్ లేదు, ఆరబెట్టే పని లేదు. వెనక తలుపు ఎత్తితే వంటగది. లోపల నిలబడలేరు, బట్టలు మార్చుకోవాలంటే పడుకునే మార్చుకోవాలి. ముసురు పట్టిన రోజు బయట వంట చేయడం చికాకే, ఒక మంచి అవ్నింగ్, అంటే పక్కకి చాపే పందిరి గుడ్డ, తప్పనిసరి. ఇంకోటి చాలామందికి ముందు తెలియదు: అంత చిన్న పెట్టెలో ఇద్దరు మూసుకుని పడుకుంటే ఊపిరి ఆవిరంతా గోడలకి పట్టి తెల్లారేసరికి నీళ్లు కారుతుంది. చలి ఉన్నా సరే పైన వెంట్, పక్కన కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. పిల్లలు పుట్టాక పక్కన చిన్న టెంట్ వేసి నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు, అది కొన్నాళ్లే.

హైబ్రిడ్ అనేవి గట్టి గోడలు, పైకి లేచే కప్పు ఉన్నవి, కారవాన్‌కి, అంటే కారు లాగే పూర్తి చక్రాల ఇంటికి, చిన్న తమ్ముడు లాంటివి. సుఖం బాగుంటుంది, చలికి వేడికి కాస్త అడ్డు ఉంటుంది, ఆగిన ఐదు నిమిషాల్లో పడుకోవచ్చు. అయితే నిండా సర్దితే రెండు టన్నుల దగ్గరికి, కొన్ని అంతకు మించి పోతాయి. అంటే ట్రైలర్‌తో పాటు దాన్ని లాగే బండి కూడా మార్చాల్సి రావచ్చు. ఆ ఖర్చు కలిపి లెక్క వేసుకున్నాకే వీటివైపు చూడండి.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది ఖాళీ బరువు. మీరు చూడాల్సింది గరిష్ఠంగా అనుమతించిన బరువు. రెండింటి మధ్య తేడాయే మీరు ఎక్కించగల సామాను, దాన్నే పేలోడ్ అంటారు. ఉదాహరణకి ఖాళీ బరువు 1,100 కిలోలు, గరిష్ఠం 1,400 అనుకోండి. 300 కిలోలు చాలా ఎక్కువే అనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు 100 లీటర్లు, అంటే 100 కిలోలు పోయాయి. 9 కిలోల గ్యాస్ సిలిండర్లు రెండు, ఉక్కు బరువుతో కలిపితే దాదాపు రెట్టింపు. ఖాళీ బరువులో బ్యాటరీ, అవ్నింగ్, స్టెప్నీ కలిపారో లేదో చాలాసార్లు రాయరు, అడిగి తెలుసుకోవాలి. తర్వాత ఫ్రిజ్, అందులోని సరుకు, పరుపులు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు. ఇల్లు దాటకముందే 300 అయిపోతుంది. అందుకే అన్నీ సర్దుకున్నాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించడం మంచిది, అనుమానం తీరిపోతుంది.

మొత్తం బరువు ఎంతన్నదే కాదు, అది ఎక్కడుందన్నదీ ముఖ్యమే. హిచ్ మీద పడే భారం ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు దరిదాపుల్లో ఉండాలని చాలాచోట్ల చెప్పే లెక్క, యూరప్ బండ్లకి అంతకంటే తక్కువే ఇస్తారు, మీ కారు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. అది మరీ తగ్గి వెనక బరువు పెరిగితే వేగం మీద ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలవుతుంది. అలా ఊగినప్పుడు భయపడి కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులకి విడిగా మీట ఉంటే దాన్ని మెల్లగా వేయాలి. నీళ్ల ట్యాంకు ఇరుసుకి ముందుందా వెనకుందా అని కూడా చూడండి: ముందున్న ట్యాంకు ఖాళీ అవుతుంటే హిచ్ భారం తగ్గుతుంది, వెనకున్నది ఖాళీ అవుతుంటే పెరుగుతుంది. హిచ్ మీద 140 కిలోలు పడితే అది కారు మోయగల బరువులోంచే పోతుంది, అంటే ఇద్దరు మనుషుల బరువు.

బ్రేకుల విషయంలో ఎక్కువ చెప్పను. యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలి, మిగతాచోట్ల మీ దేశం నిబంధన చూసుకోండి. సస్పెన్షన్‌లో ఇండిపెండెంట్ కాయిల్ (ప్రతి చక్రానికి విడిగా చుట్ట స్ప్రింగు) మెత్తగా వెళ్తుంది, లీఫ్ స్ప్రింగు (లారీల్లో ఉండే పట్టీల స్ప్రింగు) కాస్త కుదుపుతుంది కానీ మూల ఊళ్లో కూడా బాగుచేయించుకోవచ్చు. చక్రాలు మాత్రం వీలైతే కారు చక్రాల సైజు, బోల్టుల అమరిక ఒకటే ఉండేలా చూసుకోండి, స్టెప్నీ దేనికైనా పనికొస్తుంది.

కాన్వాస్ గురించి అమ్మేవాళ్లు మందం చెప్తారు, అలవాట్లు చెప్పరు. కాటన్ పాలిస్టర్ కలిపిన రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన) కాన్వాస్ గాలి ఆడనిస్తుంది, లోపల ఉక్కపోత తక్కువ. కొత్తదాన్ని మొదటి ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర తెరిచి పైపుతో బాగా తడిపి ఆరనివ్వాలి, అలా రెండు మూడుసార్లు చేస్తే దారాలు ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి. చేయకపోతే మొదటి వానకే కుట్ల దగ్గర చుక్కలు పడతాయి, కొన్నవాళ్లు పాడు సరుకు ఇచ్చారని టెన్షన్ పడతారు. తడిగా మడవాల్సి వస్తే ఒకటి రెండు రోజుల్లో తెరిచి ఆరబెట్టి తీరాలి, బూజు పట్టిందంటే మరక పోదు, వాసనా పోదు. ఇంటి దగ్గర ఆరబెట్టడానికి చోటు లేనివాళ్లు కాన్వాస్ ట్రైలర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది, ఇది నా గట్టి అభిప్రాయం.

కరెంటు విషయానికొస్తే మామూలు 12 వోల్ట్ ఫ్రిజ్ ఎండని బట్టి రోజుకి 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం (ఒక రకం సీసం) బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లేకపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి లైట్లు ఫోన్లు కలిపితే ఒక రోజుకే సరి. అదే సైజు లిథియంలో 80 శాతం పైనే వాడొచ్చు, బరువు సగం కూడా ఉండదు. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు, అదొక్కటి గుర్తుంచుకోవాలి. రోజూ కారు నడిపేవాళ్లకి పెద్ద సోలార్ అక్కర్లేదు, కారు నుంచి ట్రైలర్ బ్యాటరీకి సరైన డీసీ డీసీ చార్జర్ (కారు నడుస్తుండగా ట్రైలర్ బ్యాటరీని నింపే పరికరం) ఉంటే చాలు. ఒకేచోట ఉండేవాళ్లకే సోలార్ అవసరం.

ఇంతకీ ఏది తీసుకోమంటారు అంటే, చోటు మారుతూ తిరిగే కుటుంబానికి వెనక్కి తెరుచుకునే హార్డ్ ఫ్లోర్. ఏడాదికి రెండుసార్లు వెళ్లి ఒకేచోట వారం ఉండేవాళ్లకి సాఫ్ట్ ఫ్లోర్, దీనికి మించి ఖర్చు పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది. ఇద్దరికి టియర్‌డ్రాప్. వానలు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో పిల్లలతో తిరిగేవాళ్లు, గట్టి బండి ఉన్నవాళ్లు అయితే ఫార్వర్డ్ ఫోల్డ్ కూడా సబబే. హైబ్రిడ్ నెలల తరబడి రోడ్డు మీద ఉండేవాళ్లకి.

పాతది కొంటుంటే రంగు చూసి మురిసిపోకండి. పరుపు ఎత్తి మూలల్లో చేయి పెట్టి చూడండి, మెత్తగా ఉందా, తడి వాసన వస్తుందా అని. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని, ట్రైలర్ టైర్లు అరగకముందే వయసు మీరి పగుళ్లిస్తాయి. కొంతదూరం లాగి ఆపి చక్రాల మధ్య హబ్ దగ్గర మెల్లగా వేలు ఆనించి చూడండి, ఒకటి మాత్రం కాలిపోతుంటే బేరింగ్ అయినా పోయి ఉంటుంది, బ్రేకు అయినా పట్టేసి ఉంటుంది. మూసి ఉన్న ట్రైలర్‌లోంచే ఫ్రిజ్, మంచినీళ్లు అందుతాయో లేదో చూడండి, దారిలో మధ్యాహ్నం ఆగిన ప్రతిసారీ ఇది పనికొస్తుంది. చివరగా అమ్మేవాళ్లని పక్కన నిలబడమని, మీరూ మీతో వచ్చేవాళ్లూ కలిసి దాన్ని మొత్తం తెరిచి, మళ్లీ మొత్తం సర్ది, మూత కొక్కాలు పడేదాకా చేసి చూడండి. అందుకు ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనకండి.