ఆ 12 వారాల కంప్యూటర్ సైన్స్ బేసిక్స్ కోర్సు కొనబోతున్నారా? ఆగండి

రీఫండ్ ఇచ్చేది లేదని కోర్సు వాళ్లు నిన్న రాత్రి తేల్చి చెప్పేశారు. కోపం చల్లారకముందే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఏ కోర్సో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది: 12 వారాలు, వారానికో పాఠం, కాలేజీ మొదటి ఏడాదిలో చెప్పే కంప్యూటర్ సైన్స్ పునాదులన్నీ ఇందులో ఉన్నాయని ప్రకటన. మా చెల్లి కోసం కొన్నాను. ఆరు వారాలు అయ్యాయి. మొదటి వారం ఇన్‌స్టలేషన్‌తోనే సరిపోయింది, తర్వాత నాలుగు వారాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సింటాక్స్, అంటే రాసే నియమాలు. ఆరో వారంలో గానీ అల్గారిథమ్ (లెక్కని మెట్లు మెట్లుగా తేల్చే పద్ధతి) అన్న మాట వినపడలేదు. వినపడ్డ రోజే అసలు సంగతి బయటపడింది.

పాఠం బైనరీ సెర్చ్, అంటే ప్రతిసారీ మధ్యదాన్ని చూసి సగం లిస్టుని వదిలేస్తూ వెతకడం. తెర మీద పెట్టిన లిస్టు ఇది: 7, 3, 9, 1, 5. చూశారుగా, ఒక వరసలో లేదు. ఇందులో 9ని వెతుకుదాం అన్నారు. ఇండెక్సులు (లిస్టులో స్థానాల నంబర్లు) 0 నుంచి 4, మధ్యది 2, అక్కడ 9 ఉంది. ఒక్క పోలికలో దొరికింది, ఎంత వేగమో చూడండి అని పాఠం ముగించారు. లిస్టు ముందే సార్ట్ అయి, అంటే చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా, ఉండాలన్న మాట మొత్తం పాఠంలో ఒక్కసారి కూడా రాలేదు.

అదే కోడ్‌కి 9 బదులు 3 ఇవ్వండి. మధ్యలో 9 ఉంది. 3 దానికన్నా చిన్నది కాబట్టి ఎడమ సగంలోకి వెళ్తుంది, అంటే ఇండెక్సులు 0, 1. వాటి మధ్య లెక్కేస్తే పూర్ణాంక భాగహారంలో 0 వస్తుంది. అక్కడ 7 ఉంది. 3 అంతకన్నా చిన్నదే, మళ్లీ ఎడమకి. ఇప్పుడు పై హద్దు -1, కింది హద్దు 0, లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) ఆగిపోతుంది. ప్రోగ్రామ్ "లేదు" అంటుంది. 3 మాత్రం ఇండెక్స్ 1లో అలాగే ఉంది.

ఇది చిన్న పొరపాటు కాదు. బైనరీ సెర్చ్‌లో ఉన్న ఆలోచనే అది. లిస్టు క్రమంలో ఉందన్న హామీ ఉంది కాబట్టే, మధ్యదాన్ని ఒక్కసారి చూసి సగం లిస్టుని ధైర్యంగా పక్కన పడేస్తాం. అలా సగాలు కొట్టుకుంటూ పోతే 10 లక్షల అంశాల్లో కూడా దాదాపు 20 పోలికల్లో తేలిపోతుంది, ఎందుకంటే రెండుని 20 సార్లు గుణిస్తే 10,48,576. ఆ హామీ లేకపోతే పక్కన పడేసే హక్కే లేదు. ఆ హామీ గురించి చెప్పకుండా బైనరీ సెర్చ్ చెప్పామంటే, చెప్పనట్టే.

ఈ లెక్కంతా మర్యాదగా నాలుగు లైన్లలో పాఠం కింద ప్రశ్నగా పెట్టాను. పాఠం చెప్పినవాళ్ల నుంచి వచ్చిన జవాబు: "నా ఉదాహరణలో సరిగ్గానే వచ్చింది కదండీ. బిగినర్స్‌ని కన్ఫ్యూజ్ చేయకండి." అరగంట తర్వాత చూస్తే ప్రశ్నా లేదు, జవాబూ లేదు. ఒళ్లు మండింది అక్కడే. పాఠంలో తప్పు దొర్లడం ఎవరికైనా జరుగుతుంది. ఒక్క లైను దిద్దితే అయిపోయేది. ఆ తప్పుని చూపించిన ప్రశ్నని చెరిపేసి, దాన్ని అలాగే నేర్చుకోమని కొత్తవాళ్లకి వదిలేయడం మాత్రం మోసమే. డబ్బు కట్టి కూర్చున్న పిల్లలకి, అది తప్పని చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు?

అసైన్‌మెంట్ల సంగతి ఇంకా దారుణం. ఐదో వారంలో సార్టింగ్ ప్రోగ్రామ్ రాయమన్నారు. ఇన్‌పుట్ 5 2 8 1 అని ప్రశ్నలోనే ఉంది. ఆటోమేటిక్‌గా మార్కులేసే ప్రోగ్రామ్ ఆ ఒక్క ఇన్‌పుట్‌తోనే సరిచూస్తుంది. అనుమానమొచ్చి, సార్టింగ్ ఏమీ చేయకుండా 1 2 5 8 అని ప్రింట్ చేసే ఒక్క లైను పంపితే నూటికి నూరు వచ్చాయి. నిజంగా సార్ట్ చేసే కోడ్, చివర్లో ఒక్క ఖాళీ ఎక్కువైనందుకు సున్నా తెచ్చుకుంది. అక్షరం పొల్లుపోకుండా పోల్చడం తప్ప దానికి వేరే పని తెలియదు. సార్టింగ్‌ని పరీక్షించాలంటే ఖాళీ లిస్టు, ఒకే అంకె ఉన్న లిస్టు, ఒకటే అంకె రెండుసార్లు వచ్చేది, ముందే క్రమంలో ఉన్నది, పూర్తిగా తిరగేసి ఉన్నది, మైనస్ అంకెలు ఉన్నది, కనీసం ఇన్ని ఉండాలి. విద్యార్థికి కనపడని ఇన్‌పుట్‌లు కొన్నైనా ఉండాలి. ఇవేవీ లేని చోట వచ్చిన సర్టిఫికెట్‌తో ఏం తెలుస్తుంది?

మిగతావి త్వరగా చెప్తాను. "రెండు లూపులుంటే ఎన్ స్క్వేర్" అని నోట్స్‌లో రాశారు, అంటే ఎన్ అంశాలుంటే ఎన్ ఇంటూ ఎన్ సార్లు పని జరుగుతుందని. కాదు. లిస్టులో 10,000 అంశాలుంటే, ఒకదాని తర్వాత ఒకటి నడిచే రెండు లూపులు కలిపి 20,000 సార్లు తిరుగుతాయి. ఒకదాని లోపల ఒకటి ఉంటే 10 కోట్ల సార్లు. లూపులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎలా అమరాయి, ఒక్కోటి ఎన్నిసార్లు తిరుగుతుందన్నదే లెక్క. లోపలి లూప్‌లో విలువ ప్రతిసారీ రెట్టింపవుతూ పోతే అది కూడా ఎన్ స్క్వేర్ కాదు.

ఒక పాఠంలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చింది. పైథాన్‌లో చిన్న బగ్, పట్టించుకోవద్దు అన్నారు. పైథాన్ తప్పేమీ లేదు. మూడులో ఒకటో వంతుని దశాంశాల్లో ఎంత రాసినా ముగియనట్టే, పదిలో ఒకటో వంతు బైనరీలో, అంటే 0, 1లతోనే రాసే పద్ధతిలో, ముగియదు. 53 బిట్ల (0, 1 అంకెల) దగ్గర సర్దేస్తారు, ఆ సర్దుబాటు కూడికలో బయటపడుతుంది. దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్‌లో ఎలా దాచాలో చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది, దాని 64 బిట్ల సంఖ్యలు వాడే ఏ భాషలో చేసినా ఇదే జవాబు. కాబట్టి ఇలాంటి విలువల్ని నేరుగా సమానమా అని అడక్కూడదు, తేడా చాలా చిన్నదా అని చూడాలి. డబ్బు లెక్కలైతే అతి చిన్న నాణెంలో పూర్ణాంకాలుగా దాచుకోవాలి. మొదటి ఏడాదిలో నేర్పాల్సింది సరిగ్గా ఇదే. దీన్ని బగ్ అని దాటేశారు.

"ఒక అక్షరం అంటే ఒక బైట్ (8 బిట్లు)" అన్నది ఇంకోటి. ఇంగ్లీషు అక్షరాల కోసం చేసిన 128 కోడ్‌ల ఆస్కీ వరకు ఆ మాట సరే. 'తెలుగు' అన్న మాటనే తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఆరు నంబర్లు. ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, వెరసి 18. పైథాన్‌ని పొడవు అడిగితే 6 అంటుంది. మన భాషలో పాఠం చెప్పేవాళ్లు మన అక్షరాల లెక్కే తప్పు చెప్తే ఎట్లా?

లాజిక్ గేట్లు (బిట్ల మీద పనిచేసే చిన్న సర్క్యూట్లు), మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో లేదో ముందే తేల్చే పద్ధతి ఉండదని 1936లో గణితవేత్త ట్యూరింగ్ నిరూపించిన హాల్టింగ్ ప్రాబ్లమ్, ఇవన్నీ ప్రకటనలో ఉన్నాయి. సగం కోర్సు గడిచినా ఒక్కటీ రాలేదు. ఒక ఎక్సార్, ఒక యాండ్ గేటుతో రెండు బిట్లు కలిపే హాఫ్ యాడర్ కాగితం మీద గీయడానికి పది నిమిషాలు పట్టదు. అది కూడా లేదు.

రీఫండ్ గడువు ఏడు రోజులు. పాఠాలు తెరుచుకునేది వారానికొకటి. అంటే గడువు ముగిసేలోపు మీరు చూడగలిగేది ఇన్‌స్టలేషన్ పాఠం ఒక్కటే, అందులో తప్పు పట్టడానికి ఏముంటుంది? ఈ రెండు నిబంధనలూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడం నా తప్పు. సబ్జెక్టు తెలిసి కూడా ఒక్క శాంపిల్ అసైన్‌మెంట్ అడక్కుండా డబ్బు కట్టడం ఇంకా పెద్ద తప్పు. చెల్లి ఆరు వారాల సమయం పోయింది, అదే ఎక్కువ బాధగా ఉంది.

కొనేముందు మధ్యలో ఉన్న ఏదో ఒక వారం పాఠం, దాని అసైన్‌మెంట్ చూపించమనండి. చూపించకపోతే కట్టకండి. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠాలు, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి, ఇంగ్లీషులో ఉన్నా ముందు అవి చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆరో వారం కోడ్‌కి 3 ఇచ్చి నడిపి చూడండి. ప్రశ్న అడిగేముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నా దగ్గర అది లేకనే రీఫండ్ వాళ్లకి ఏమీ చూపించలేకపోయాను.